పదునులో దయ కలదా?

దయయే ధర్మమునకు ఆధారమని బసవేశ్వరుని బోధ. ఈ మాట వినని బాలుడు వీరశైవ గృహములలో ఉండడు. అయితే వినుట వేరు, విచారించుట వేరు. దయ యనగా హింస మానుట మాత్రమేనా? హింస మానని వాడొకడు, తాను చంపబోవు ప్రాణికి బాధ తగ్గించుటకై గంటలకొలది శ్రమించినచో ఆ శ్రమకు దయ యను పేరు చెల్లునా? చెల్లదన్నచో మొద్దుకత్తికిని పదునుకత్తికిని భేదము లేదని ఒప్పుకొన్నట్లగును. చెల్లునన్నచో చంపుటకు దయ యను ముసుగు తొడిగినట్లగును. రెండు వైపులను చిక్కే కలదు.

తేలికయైన ఉదాహరణముతో ఇట్టి సంశయమును తీర్చుకొనుట సులభమే కాని, అందువలన సత్యము బయటపడదు. కావున కఠినమైన దానినే గ్రహించుట మేలు. అమెరికా దేశమున పాతపద్ధతి విల్లు చేతబట్టి లేళ్లను వేటాడువారు, తమ బాణపు ములుకులకు స్వహస్తములతో పదును పెట్టుకొను ఆచారము అట్టి ఉదాహరణము. మాంసము ముట్టని వీరశైవునకు ఇందులో నేర్చుకొనదగినది ఏమున్నదని తోచవచ్చును. విచారణ ముగియునప్పటికి ఆ ములికి ఎవరి చేతిలో నున్నదో తేలును.

ములికి, సాన

తుపాకి గుండు తన వేగముచేతను, ఆ వేగము కలిగించు దెబ్బచేతను దేహమును ఛిద్రము చేయును. బాణమునకు అంతటి వేగము లేదు. అది కోయుటచేతనే చంపును. రక్తనాళములు తెగి, రక్తము కారిపోయి మృగము పడిపోవును. అందుచేత వేటకు వాడు ములికి, గురిపందెములలో వాడు సన్నని మొన వంటిది కాదు. అది వెడల్పుగా, త్రికోణాకారమున, రెండంచుల కత్తివలె నుండు ఉక్కురేకు. 125 గ్రెయినుల బరువుగల ములికి వాడుకలో ఎక్కువ. అనగా సుమారు 8 గ్రాములు. ఇంత చిన్న లోహపు ముక్క అంచుపైననే ఒక ప్రాణి చావు ఎట్టిది కావలెనో ఆధారపడియుండును.

అంచు మొద్దైనచో నాళమును కోయక ప్రక్కకు నెట్టును, లేదా చీల్చును. చీలిన గాయమున రక్తము త్వరగా గడ్డకట్టును. అప్పుడు మృగము పారిపోయి ఏ పొదలోనో గంటలకొలది, కొన్నిసార్లు దినములకొలది వేదనపడి చచ్చును. లేక కుంటుచు బ్రతుకును. పదునైన అంచు ఊపిరితిత్తులను రెంటిని కోసి పోయినచో కొన్ని క్షణములలోనే అది కూలిపోవును. కావుననే బాణము తగిలిన పిమ్మట వేటకాడు వెంటనే వెంబడింపక, అరగంటయో అంతకంటె ఎక్కువయో కదలకుండ వేచియుండును. గాయపడిన ప్రాణిని తరిమినచో దాని బాధ ఇనుమడించునని వారి అనుభవము.

నేడు బజారులో రేజరు బ్లేడులు బిగించిన ములుకులు దొరకును. మొద్దుబారిన బ్లేడును తీసి పారవైచి క్రొత్తది బిగించుకొనవచ్చును. అయినను పాతపద్ధతి విల్లు పట్టువారిలో పెక్కుమంది ఆకురాయిని, సానరాయిని విడువలేదు. వారి పని ఇట్లుండును. మొదట అంచు వాలుపై నల్లని సిరా పూయుదురు. ఆకురాయితో ఒకసారి తీసి చూతురు. సిరా చెరిగినచోట ఆకురాయి తగిలినది, చెరగనిచోట తగలలేదు. ఈ విధముగా చేయి పట్టిన కోణము సరియో కాదో తెలిసికొందురు. ఆ కోణము ప్రక్కకు 20 నుండి 25 డిగ్రీల వరకు ఉండును. మరీ పలుచగా తీసినచో అంచు చురుకుగా నుండును గాని ఎముక తగిలినంతనే వంగును. మరీ మందముగా నుంచినచో గట్టిగా నుండును గాని కోయదు.

ఆకురాయి ఒకే కోణమున, ఒకే ఒత్తిడితో సాగవలెను. కొంత సేపటికి అంచునకు ఆవలి ప్రక్కన నూగువంటి సన్నని ఉక్కుపొర లేచి గోటికి తగులును. అది ఈ చివర నుండి ఆ చివర వరకు లేచిన తరువాతనే రెండవ ప్రక్కకు పోవలెను. పిమ్మట సానరాయిపై ఒత్తిడిని క్రమముగా తగ్గించుచు ఆ నూగును తీయుదురు. చివరకు మంగలి తన కత్తిని తీయునట్లు తోలుపట్టెపై తీయుదురు. ఇక్కడనే తొందరపడువాడు మోసపోవును. నూగు మిగిలియున్న అంచు వ్రేలికి మిక్కిలి పదునుగా తోచును. కాని తొలి తాకిడికే ఆ నూగు మడతపడి అంచు మొద్దగును. పదునుగా తోచుట వేరు, పదునుగా ఉండుట వేరు.

పరీక్షకై ఒక రబ్బరు బ్యాండును సాగదీసి బిగించి, దానిపై అంచును ఆన్చుదురు. ఒత్తనవసరము లేకయే అది తెగవలెను. ఇంత చేసినను పని ముగిసినట్లు కాదు. అమ్ములపొదిలో ఒక ములికి మరొకదానికి తగిలినను, మంచునకు తుప్పు పట్టినను పదును పోవును. అందుచేత అంచునకు నూనె రాచి, ప్రతిదినము బయలుదేరుటకు ముందు మరల చూచుకొందురు. గురి తప్పి నేలలో గ్రుచ్చుకొన్న బాణమును మరల సానపట్టక వింటికి తొడుగరాదని వారిలో నియమము.

గురువు, శిష్యులు

ఈ విద్య అమెరికా తెల్లవారిలో వ్యాపించిన తీరు విచారింపదగినది. 1911 ఆగస్టు మాసమున కాలిఫోర్నియా రాష్ట్రమందలి ఒరోవిల్ పట్టణ సమీపమున ఒక ఆదివాసి ఆకలితో ఒంటరిగా బయటపడెను. అతడు యాహి తెగవాడు. వలసవచ్చిన తెల్లవారి హింసకు ఆ తెగ నశించిపోగా మిగిలిన చివరివాడు. తన పేరు తాను చెప్పుకొనుట అతని ఆచారము కాదు. కావున పండితులు అతనిని ఇషీ అని పిలిచిరి. ఆ భాషలో ఆ మాటకు మనుష్యుడని అర్థము. శాన్‌ఫ్రాన్సిస్కోలోని విశ్వవిద్యాలయ మ్యూజియములో నివసించుచు 1916 మార్చిలో క్షయవ్యాధిచేత మరణించెను. ఆ విశ్వవిద్యాలయమున శస్త్రవైద్యుడుగా నున్న శాక్స్‌టన్ పోప్ అతనివద్ద విలువిద్య నేర్చి, 1923లో దానిపై ఒక గ్రంథమును ప్రకటించెను.

ఇషీ ములుకులు ఉక్కువి కావు. అగ్నిపర్వతముల లావా చల్లారగా ఏర్పడు నల్లని గాజురాతిని, పారవైచిన సీసాల గాజును తీసికొని, మొనగల పనిముట్టుతో అంచులను అదిమి, పెచ్చులు రాల్చుచు ములుకులు చేసెడివాడు. అతని తెగకు వేట ఆహారము. విల్లు లేనినాడు పొయ్యి వెలుగదు. శిష్యుల తీరు మారినది. పోప్, అతని మిత్రుడు ఆర్థర్ యంగ్ 1920లో ఎల్లోస్టోన్ ప్రాంతమున మ్యూజియము కొఱకు గ్రిజ్లీ ఎలుగుబంట్లను బాణములతో చంపిరి. 1925లో సింహములను వేటాడుటకు ఆఫ్రికాకు పోయిరి. 1934లో విస్కాన్సిన్ రాష్ట్రము విల్లువేటకు ప్రత్యేకముగా ఋతువును ఏర్పరచెను. 1961లో ఆ ఇద్దరి పేర్లతోనే ఒక సంఘము ఏర్పడి, విల్లుతో చంపిన మృగముల కొమ్ముల కొలతలను గ్రంథస్థము చేయుచున్నది.

ఆకలికై వంగిన విల్లు కొలతకై వంగినది. గాజుములికికంటె ఉక్కుములికి పదునులో తక్కువది కాకపోవచ్చును. కాని పదును వెనుకనున్న అవసరము మారిపోయినది. నేర్పు గురువునుండి శిష్యునకు చేరును, అవసరము చేరదు. ఈ భేదమును గుర్తించనివాడు ధర్మవిచారమునకు పూనుకొనరాదు.

వాదము, ప్రతివాదము

ఆ వేటకాండ్రను మూర్ఖులనియు క్రూరులనియు త్రోసివేయుట న్యాయము కాదు. వారి వాదమును వారి పక్షమున నిలిచియే వినవలెను. వారిట్లు చెప్పుదురు: "దుకాణమున కాగితములో చుట్టి ఇచ్చు మాంసము కొనువాడు చావును చూడడు. మేము చూతుము. మా చేతితో చేసిన దానికి మేమే బాధ్యులము. పాతపద్ధతి విల్లుతో కొట్టవలెనన్న 20 గజముల దూరమునకు చేరవలెను. అంతదూరము చేరి కూడ గురి కుదరనిచో బాణము వదలము. తోడేళ్లు అంతరించిన ప్రాంతములలో లేళ్లు అమితముగా పెరిగి, అడవిలో మొలకలు మిగులక, అవియే ఆకలికి చచ్చును. ములికికి పదును పెట్టుచున్నంతసేపు ఆ ప్రాణి మా మనస్సులో నుండును. దీనిని దయ యనక మరేమందురు?"

ఈ వాదములో సత్యాంశము కలదు. చూచి చేయువాడు చూడక చేయించువానికంటె నిజాయితీ గలవాడు. అయినను ప్రతివాదము తేలికయైనది కాదు. ఎంత పదునైన ములికియైనను గురి తప్పును. బాణము వింటిని విడిచిన తరువాత మృగము కదలినచో, ఊపిరితిత్తులకు చేరవలసినది కడుపునకు చేరును. అప్పుడు పదును కూడ దాని వేదనను ఆపలేదు. బ్రిటనులో విల్లుతో వన్యమృగములను వేటాడుట చట్టవిరుద్ధము. అంతకంటె లోతైన ఆక్షేపణ మరొకటి కలదు. పదును పెట్టువాని మనశ్శాంతి పదును పెట్టువానిదే; అది లేటికి చేరదు. తన పనితనమును చూచి తాను తృప్తిపడుట, ఆ తృప్తికి దయ యని పేరుపెట్టుట సాధకులకు తరచుగా కలుగు భ్రమ. అంచుమీద మిగిలిన నూగువంటిదే ఈ భ్రమయు. చేతికి పదునుగానే తోచును, పరీక్షకు నిలువదు.

మరి తీర్పేమి? ఇద్దరు షావుకార్లకు అప్పుపడిన వానిని తలచుకొన్నచో విషయము స్పష్టమగును. మొదటివాని అప్పు తీర్చినంత మాత్రమున రెండవవాని పత్రము చెల్లిపోదు. రెండవవాని అప్పు మిగిలియున్నదని మొదటివానికి తీర్చిన సొమ్ము వ్యర్థమనుటయు తగదు. ప్రాణికి బాధ కలిగించుట ఒక ఋణము. ప్రాణము తీయుట వేరొక ఋణము. ములికికి శ్రద్ధతో పదును పెట్టువాడు మొదటి ఋణమును చాలవరకు తగ్గించుకొనుచున్నాడు. ఆ శ్రద్ధ నిజమైనదే. కాని రెండవ పత్రముపై అది ఒక్క పైసకైనను జమ కాదు. అవసరము లేకయే ప్రాణము తీసినవాడు, ఎంత మృదువుగా తీసినను, తీసినవాడే.

కాయకపు గీటురాయి

కాయకమే కైలాసమన్న సూత్రమును కొందరు పొరబాటుగా గ్రహింతురు. ఏ పనియైనను మనసు పెట్టి చేసినచో అది కాయకమే యని వారి భావము. మనసు పెట్టి కన్నము వేయు దొంగయు కలడు. శ్రద్ధ కాయకమునకు అంగమే గాని శ్రద్ధయే కాయకము కాదు. కల్యాణమున 12వ శతాబ్దిలో త్రాళ్లు పేనిన నులియ చందయ్య, పడవ నడిపిన అంబిగర చౌడయ్య, బట్టలుతికిన మడివాళ మాచయ్య, వీరందరును పనిమంతులగుట చేతనే శరణులు కాలేదు. వారి పని సత్యమైనది, మితమైనది, దాసోహమునకు అర్పితమైనది. ఈ మూడింటి కలయికయే కాయకము.

వీనిలో మితి యను దానిని బోధించుటకు ఆయ్దక్కి లక్కమ్మ చరిత్రకు మించినది లేదు. ఆమె భర్త మారయ్య రాలిన బియ్యపుగింజలు ఏరితెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడు అలవాటుకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. అవసరమునకు మించినది ఇంటికి తగదని, మిక్కిలిని తెచ్చినచోటనే పోసి రమ్మని పంపెను. ఆ బియ్యము దొంగసొత్తు కాదు, శ్రమించి తెచ్చినదే. అయినను అవసరమును దాటినది గనుక కాయకమును దాటినది. కొమ్ముల కొలతలను పుస్తకమునకెక్కించు వేట ఈ గీటురాయిపై నిలువదు. అక్కడ కొలత ఉన్నది గాని మితి లేదు.

ఇషీ వేటను అదే రాతిపై గీచినచో ఫలితము వేరగును. ఆకలి మేరకే విల్లు ఎత్తినవానిపై రాయి వేయుటకు నిండుగాదెల ఇంటివానికి అధికారము లేదు. ఈ మాట దూరదేశమునకు మాత్రమే చెల్లునది కాదు. శ్రీశైలయాత్ర చేసిన ప్రతి వీరశైవుడు నల్లమల చెంచులను ఎరుగును. తరతరములుగా విల్లమ్ములతోను, దుంపలతోను, తేనెతోను వారు అడవిలో బ్రతికిరి. మల్లికార్జునుని తమ అల్లునిగా భావించి చెంచు మల్లయ్యయని కొలుచుచున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. 1983లో ఆ అడవి పులుల అభయారణ్యముగా ప్రకటింపబడెను. నేడు వేట నిషిద్ధము. అది అడవికి మేలే. అయితే ఒకనాటి చెంచు చేతి విల్లును, వినోదమునకై వచ్చిన జమీందారు చేతి తుపాకిని ఒకే త్రాసులో తూచినవాడు దయను గాని న్యాయమును గాని ఎరిగినవాడు కాడు. ధాన్యము దొరకుచోట చంపుట అనవసరము. దొరకనిచోట నివసించువానికి, దొరకువాడు నీతి బోధించుటకంటె ధాన్యము పంపుట దాసోహము.

కంటికి కనబడని ములికి

ఇంతవరకు విచారణ ఇతరులను గూర్చియే జరిగినది. ఇక్కడ ఆగినచో ఈ విచారణ పరనింద యగును. మాంసము ముట్టని గృహస్థుని చేతిలో ములికి లేదా?

ఎద్దును దున్నుటకు త్రోలు ముల్లుకఱ్ఱ చివరనున్న మేకు ములికి కాదా? ఆ మేకును ఏ రైతును దయతో పదును పెట్టడు. మొద్దుగా తీయనుకూడ తీయడు. పది పన్నెండేండ్లు కాడి మోసిన ఎద్దు మోకాళ్లు వంగిన సంవత్సరము ఏమి జరుగును? సంతకు త్రోలబడును. దళారి తువ్వాల క్రింద వ్రేళ్లు పట్టి బేరము కుదుర్చును. కొన్నవాడు రైతునని చెప్పును. నోటిలో పళ్లు లేని ఎద్దును దున్నుటకు కొను రైతు లేడని అమ్మినవానికి తెలియును. తెలిసినను అడుగడు. అడిగినచో సమాధానము వినవలసి వచ్చును. ఆ ఎద్దు ఎన్ని క్రోసులు నీరులేక నడచెనో, ఎట్టి లారీలో ఎన్నింటితో కలిపి కుక్కబడెనో, చివరకు దాని మెడకు తగిలిన కత్తి పదునైనదో మొద్దైనదో అమ్మినవాడు ఎన్నడును విచారింపడు. సొమ్ము మొలకు కట్టుకొని ఇంటికి వచ్చి, స్నానముచేసి, ఇష్టలింగమును అరచేతిలో నుంచుకొని పూజకు కూర్చుండును.

అమెరికా వేటకాడు చంపునట్టి లేడి అతని ఉప్పు తినలేదు, అతని బరువు మోయలేదు. అయినను దాని చావు త్వరగా ముగియవలెనని అతడు రాత్రి దీపము క్రింద కూర్చుండి అంచును గోటితో తడిమి చూచును. ఈ గృహస్థుడు తన ఇంటిని పోషించిన ప్రాణి చావును గూర్చి ఒక్క ప్రశ్నయైనను వేయడు. వీరిలో దయకు దగ్గరగా ఉన్నవాడెవడు? చంపినవాడు దయాళువని ఒప్పుకొనుటకు మనస్సు రాదు. చంపనివాడు దయాళువని ఒప్పుకొనుటకు సత్యము అడ్డు వచ్చును. మొదటివాడు రెండు ఋణములలో ఒకటి తీర్చుచున్నాడు. రెండవవాడు రెండింటిని మరొకని పేరు మీదికి మార్చి, అప్పు లేనివానివలె తిరుగుచున్నాడు.

పేదరైతు పశువు నమ్ముకొనక తప్పదను మాట ఒకటి కలదు. అది అబద్ధము కాదు. పనిచేయని ఎద్దుకు సంవత్సరము పొడవున మేత వేయుట, అప్పులలో మునిగినవానికి భారమే. కాని భారము ఒక్కనిదగుట చేతనే అది మోయరానిదైనది. ఇట్టి భారమును పంచుకొనుటకే గదా దాసోహము ఏర్పడినది! మఠములకు భూములు కలవు, గడ్డివాములు కలవు, భక్తుల కానుకలు కలవు. జంగమునకు పెట్టు భిక్ష వంటిదే ముసలి ఎద్దునకు వేయు పిడికెడు గడ్డియు. ఏటికొక గ్రామమున నాలుగు పశువులకైనను మఠము నీడ నిచ్చినచో, దయను గూర్చిన నూరు ఉపన్యాసములకంటె అది మిన్న. అదియు శక్తిచాలని చోట గృహస్థునకు మిగులు ధర్మము ఒకటి కలదు: అడుగుట. ఎవరు కొనుచున్నారు, ఎక్కడికి త్రోలుకొనిపోవుదురు అని అడుగుట. సమాధానము విన్న పిదప అమ్మవలెనో వలదో నిర్ణయించుకొనుట. తెలిసి చేసిన పాపమునకు పశ్చాత్తాపమైనను పుట్టును. తెలియగోరని పాపమునకు అదియు లేదు.

పదును ఎవరివైపు?

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చేర్చిన భక్తుల కథలలో కన్నప్ప కథ ఒకటి. అతడు వేటకాడు. విల్లే అతని బ్రతుకు. లింగమూర్తి కంట నెత్తురు కారుట చూచినంతనే, తన కన్ను పెకలించి ఇచ్చెను. హరళయ్య చెప్పులు కుట్టువాడు. తోలు కోయు కత్తి అతని పనిముట్టు. బసవేశ్వరునకు చెప్పులు కుట్టదలచినప్పుడు అతడును, అతని భార్య కల్యాణమ్మయు తమ తొడల చర్మమునే కోసి ఇచ్చిరని శరణసంప్రదాయము చెప్పును. ఈ రెండు కథలను భక్తి యొక్క ఆవేశమని మాత్రమే గ్రహించుట చాలదు. ఇద్దరును జీవితమంతయు పరప్రాణులపై పదునును వాడినవారు. భక్తి పండిననాడు ఆ పదును తమవైపు తిరిగినది. అన్యుని నెత్తురు చూచి తన కన్ను నొచ్చుటయే దయ. అంతకు ముందు ఎంత నేర్పుతో వాడినను అది నేర్పు మాత్రమే.

ఈ కథల తాత్పర్యము దేహమును కోసికొనుమని కాదు. పరులను పరీక్షించు పదునుతో ముందు తన్ను తాను పరీక్షించుకొనుమని. పదునులో దయ కలదా యను ప్రశ్నకు సమాధానము అప్పుడు దొరకును. పదును దయ కాదు. అవసరము లేని చావును అది శుద్ధి చేయదు. కాని బాధను తగ్గింపవలెనను తపన దయకు తొలిమెట్టు. ఆ మెట్టుమీదనే ఆగి కైలాసము చేరితినని తలచువాడు వేటకాడు. ఆ మెట్టైనను ఎక్కక, క్రింద నిలిచి వేటకాని తప్పు లెక్కించువాడు అతనికంటె వెనుకబడినవాడు.

బసవజయంతి నాడు ఎద్దును కడిగి, కొమ్ములకు రంగు పూసి, మెడలో గంటలు కట్టి, హారతి యిచ్చుట మంచి ఆచారము. ఆ గృహస్థుని దయ ఎంత పదునైనదో ఆ దినమున తెలియదు. ఎద్దు కాడి క్రింద లేవలేక పడిపోయిన దినమున, దాని పలుపు విప్పి అతడు ఎవరి చేతికిచ్చునో చూచినచో తెలియును.